స్తంభం కింద రెండు నిమిషాలు

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను చాలా మెమోలు రాశాను. వాటిలో ఒక్కదాన్ని నా చేతులతోనే చింపాను. చింపినందుకు నన్ను మెచ్చుకోవద్దు. అసలు దాన్ని ఎందుకు రాశానో చెప్పడానికే ఇప్పుడు కలం పట్టాను. మూడేళ్ల కిందట రిటైరైన రోజున వక్తలందరూ నా నిక్కచ్చితనాన్ని పొగుడుతుంటే తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు. నాకు గుర్తొస్తున్నది ఆ మెమో.

కరెంటు శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇది చదవాలి. మూఢనమ్మకాల మీద మాట్లాడమని నన్ను సభలకు పిలిచే కుర్రాళ్లు ఇంకా ముఖ్యంగా చదవాలి.

నేను గుడివాడలో చదువుకునే రోజుల్లోనే వాదనలో రాటుదేలాను. ఎదుటివాడి మాటలో బీట ఎక్కడుందో చూసి అక్కడే గునపం దించడం మా హేతువాద గురువులు నేర్పిన విద్య. దేవుడు లేడని అప్పుడూ అన్నాను, ఇవాళ కూడా అంటున్నాను. ఈ వ్యాసం చివర నేను చర్చి మెట్లు ఎక్కుతానేమోనని ఆశపడేవాళ్లూ భయపడేవాళ్లూ నిశ్చింతగా ఉండవచ్చు. ఎక్కను.

అప్పుడు దివిసీమలో ఒక సెక్షన్‌కి ఇంజనీరుగా ఉండేవాణ్ణి. ఊరి పేరు వద్దు. వరి పొలాలు కొద్దికొద్దిగా రొయ్యల చెరువులుగా మారిపోతున్న ప్రాంతం. చెరువు నీళ్లలోకి గాలి చిలికే ఏరియేటర్లు కరెంటుతో తిరుగుతాయి. అవి ఆగిపోతే రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది. అందుకని లైను ట్రిప్పయిన పది నిమిషాలకు మా ఆఫీసు ముందు మోటారు సైకిళ్లు బారులు తీరేవి.

నా కింద పనిచేసేవాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు లైన్ ఇన్‌స్పెక్టర్. బందరు ముస్లిం కుటుంబం, వయసులో నాకంటే పెద్ద, మాట నెమ్మది. రెండోవాడు లైన్‌మన్. గూడూరు వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవుడు, నలభై ఐదేళ్లవాడు, పనిలో ఆ డివిజన్‌లోనే అతని చేతికి సాటి లేదనేవారు. ఇన్‌స్పెక్టర్ గారు అతన్ని "బావా" అని పిలిచేవారు. అతనూ "బావా" అనే పిలిచేవాడు. మతాలు వేరైనా వరస కలుపుకున్నారు. మధ్యాహ్నం ఇద్దరి క్యారియర్లూ ఒకే పేపరు మీద విప్పేవారు.

నేను అక్కడికి వెళ్లడానికి ఆరేళ్ల ముందు ఒక ప్రమాదం జరిగింది. ఇన్‌స్పెక్టర్ గారి తమ్ముడు కూడా అదే సెక్షన్‌లో లైన్‌మన్. సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపించి, అనుమతి తీసుకుని, స్తంభం ఎక్కాడు. అవతల ఎవరో రొయ్యల రైతు జనరేటర్ వేసుకున్నాడు. ఆ కరెంటు వెనక నుంచి ట్రాన్స్‌ఫార్మర్ గుండా లైన్లోకి ఎక్కింది. కుర్రవాడు పైనే చనిపోయాడు. అప్పుడు కింద ఉన్నది మన లైన్‌మన్.

ఇక్కడ ఒక్క పద్ధతి చెప్పాలి, ఇది లేకపోతే మిగతాది అర్థం కాదు. లైను మీద పనిచేసే ముందు సబ్‌స్టేషన్ నుంచి 'లైన్ క్లియర్' తీసుకోవాలి. దాన్ని మేం ఎల్.సి. అంటాం. లైను ఆపాం, మళ్లీ మీరు చెప్పేదాకా వేయం అని వాళ్లిచ్చే మాట అది. అది చాలదు. పనిచేసే స్తంభానికి రెండు వైపులా తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించి భూమికి కలపాలి. ఏ వైపు నుంచి దొంగ కరెంటు వచ్చినా మనిషిని చేరకుండా నేలలోకి పోతుంది. రెండు వైపులా. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ ప్రమాదం తర్వాత లైన్‌మన్‌కి వణుకు పట్టుకుంది. స్తంభం కిందికి వెళ్తే చాలు, చేతులు ఆడేవి, చొక్కా తడిసిపోయేది. డాక్టరు బిళ్లలు ఇచ్చాడు. వాటితో మత్తుగా ఉండేది, మత్తుతో స్తంభం ఎక్కలేడు. ఉద్యోగం మానేస్తానన్నాడట. అప్పుడు భార్య వాళ్ల ఊరి పాస్టరు దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన చెప్పింది ఒక్కటే. భయాన్ని దాచుకోకు, దేనికి భయపడుతున్నావో పేరు పెట్టి ప్రభువుకి చెప్పుకో, చెప్పుకున్నాక ఎక్కు. అప్పట్నుంచి స్తంభం కింద హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, కుడి అరచెయ్యి స్తంభానికి ఆనించి, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు గొణిగేవాడు. తర్వాత హెల్మెట్ పెట్టుకుని ఎక్కేవాడు. చెయ్యి వణికేది కాదు. ఆ రెండు నిమిషాలూ ఇన్‌స్పెక్టర్ గారు అతనికి కాస్త దగ్గరగా నిలబడి రోడ్డు వైపు చూస్తూ ఉండేవారు.

ఇదంతా నాకు ఇన్‌స్పెక్టర్ గారే చెప్పారు. నేను వెళ్లిన మొదటి వారంలోనే లైన్‌మన్‌ని అందరి ముందూ నిలదీశాను.

"ఏమిటయ్యా అది?"

"ప్రార్థనండి."

"కనబడుతూనే ఉంది. ఎందుకని?"

"భయమండి."

"లైన్ చచ్చిపోయి ఉంది. ఎల్.సి. నంబరు నా జేబులో ఉంది. ఇంకా కరెంటంటే భయమేమిటి?"

"కరెంటంటే కాదండి."

మరి దేనికి అని అడగాలి కదా. ఎదుటివాడి మాటలో బీట వెతికే విద్య నేర్చినవాణ్ణి, అక్కడ అడగవలసిన ఒకే ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు. అడగడానికి బదులు, "అయితే సబ్‌స్టేషన్ ఎల్.సి. చాల్లేదన్నమాట. ప్రభువు గారి ఎల్.సి. కూడా వచ్చిందా?" అన్నాను.

కుర్ర లైన్‌మన్లు పడి పడి నవ్వారు. అతను కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. ఇన్‌స్పెక్టర్ గారు నవ్వలేదు.

ఆ మాట సెక్షన్ అంతా పాకింది. అతను కళ్లు మూసుకోగానే ఎవడో ఒకడు, "బాబాయ్, లైన్ బిజీగా ఉందా?" అనేవాడు. "పైవాళ్ల సిగ్నల్ అందట్లేదేమో, టవర్ ఎక్కి ట్రై చెయ్" అనేవాడు ఇంకొకడు. నేను వారించలేదు. పైగా గుడివాడలో ఒక సభలో ఈ ఎల్.సి. ముచ్చట చెప్పాను. చప్పట్లు మోగాయి. ఒక మనిషి వణుకును జేబులో వేసుకెళ్లి చప్పట్లకు మార్చుకుంటున్నానని నాకు అనిపించలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు ఒకసారి టీ దగ్గర మెల్లగా అన్నారు.

"సార్, వాణ్ణి వదిలేయండి. పనిచేస్తోంది కదా వాడికి."

"పనిచేయడం వేరండీ, నిజం కావడం వేరు."

"మనకి కావలసింది వాడు స్తంభం ఎక్కి దిగడమే కదండీ."

నాకు కోపం వచ్చింది. వాదనలో ఓడినప్పుడు కుర్చీ ఉన్నవాడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. డ్యూటీ వేళల్లో పని స్థలంలో ఏ మతానికి సంబంధించిన ఆచారమూ పాటించరాదని మెమో రాసి బోర్డుకు అంటించాను. ఏ మతానికీ అని రాశాను కాబట్టి న్యాయంగా ఉన్నానని కూడా అనుకున్నాను. ఆ సెక్షన్‌లో పని స్థలంలో ప్రార్థించేవాడు ఒక్కడే అని నాకు తెలుసు.

లైన్‌మన్ మెమో చదివి, "సరేనండి" అన్నాడు. అంతే.

తర్వాత పది రోజుల పాటు అతను నిచ్చెన మీద పనులూ మీటర్ల పనులూ చేసుకుంటూ గడిపాడు. స్తంభం పనులకు ఇన్‌స్పెక్టర్ గారు ఎలాగో కుర్రాళ్లను సర్దేవారు. నేను గమనించాను కానీ, అలవాటు మానుతున్నాడులే, మొదట్లో కష్టంగానే ఉంటుంది అనుకున్నాను.

పదకొండో రోజు పొద్దున ఎండ అప్పుడే ముదురుతుండగా చెరువుల లైనులో ఒక జంపర్, అంటే రెండు తీగలను కలిపే ముక్క, కాలి తెగిపోయింది. కుర్రాళ్లిద్దరూ వేరే ఊళ్లో ఉన్నారు. నేను, ఇన్‌స్పెక్టర్ గారు, లైన్‌మన్ వెళ్లాం. చెరువు గట్ల మీద అప్పటికే పాతిక మంది రైతులు.

"ఏంటి సార్ ఇది, రొయ్య పైకొచ్చేస్తుందండీ!"

"ఎక్కించండి సార్ మనిషిని, నిలబడి చూస్తారేంటి?"

ఎల్.సి. తీసుకున్నాను. ఇన్‌స్పెక్టర్ గారు రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేయించి, రెండింటినీ స్వయంగా లాగి చూశారు. లైన్‌మన్ స్తంభం దగ్గరకు వెళ్లి అలవాటుగా హెల్మెట్ మీద చెయ్యి వేశాడు. నా వైపు చూశాడు. చెయ్యి దించుకున్నాడు. బెల్టు బిగించుకుని ఎక్కాడు.

పైన అడ్డ ఇనుప పట్టీ దాకా వెళ్లి ఆగిపోయాడు. స్తంభాన్ని రెండు చేతులతో వాటేసుకుని చెంప దానికి ఆనించాడు. బెల్టు ఉంది కాబట్టి పడడు. కానీ పైకీ వెళ్లడు, కిందకీ రాడు. అతని కాళ్లు ఆడుతుంటే బెల్టు కొక్కెం టకటకమని స్తంభానికి కొట్టుకుంటున్న చప్పుడు కింద మాకు వినబడుతోంది.

నేను కింద నుంచి విజ్ఞానశాస్త్రం మొదలుపెట్టాను. "లైన్‌లో కరెంటు లేదయ్యా! రెండు వైపులా ఎర్త్ ఉంది! నీకే ప్రమాదమూ లేదు! ఆలోచించు!" నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. ఒక్కటీ పైదాకా వెళ్లలేదు. ఐదు నిమిషాలయింది. పది నిమిషాలయింది. రైతుల్లో ఎవడో, "తాగొచ్చాడేంట్రా?" అన్నాడు. అంతమంది ముందు నా గొంతు పెరిగింది. "దిగుతావా, సస్పెండ్ చేయమంటావా?" అని అరిచాను. పైన మనిషి ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంటే నేను అన్న మాట అది.

ఇన్‌స్పెక్టర్ గారు నా పక్కకు వచ్చారు. "సార్, మీ మెమో ఒక్క ఐదు నిమిషాలు పక్కన పెడతారా?" అని నాకు మాత్రమే వినబడేలా అడిగారు.

నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆయనే తల పైకెత్తి, "బావా! నేనిక్కడే ఉన్నా. రోజూ చెప్పుకునేది చెప్పుకో. సార్ ఏమీ అనరు!" అన్నారు.

తర్వాత పైనుంచి గొంతు మొదలైంది. కింద ఉన్నప్పుడు గొణుగుడే. కానీ అంత ఎత్తున, అంత భయంలో, తాను ఎక్కడున్నదీ ఎవరు వింటున్నదీ అతనికి స్పృహ లేదు. ఏడుస్తూ గట్టిగా చెప్పుకుంటున్నాడు.

"ప్రభువా, స్తోత్రం... ప్రభువా, ఆ రోజు వాడు అడిగాడు. అన్నా, రెండో వైపు ఎర్త్ వెయ్యలేదు కదా అని అడిగాడు..."

ఇన్‌స్పెక్టర్ గారు గబగబా జనంలోకి నడిచారు. "జరగండి, జరగండి, స్తంభం కింద ఉండకూడదు, వెనక్కి వెళ్లండి" అంటూ రెండు చేతులూ చాపి అందర్నీ తోస్తున్నారు. ఈయనకు ఇప్పుడు హఠాత్తుగా భద్రతా నియమాలు గుర్తొచ్చాయేమిటా అనుకున్నాను. గాలి మా వైపే ఉంది. ఎంత వెనక్కి తోసినా మాట వినబడుతూనే ఉంది.

"...టైం లేదురా, ఎక్కేయ్ అన్నది నేనే ప్రభువా. ఎంక్వైరీలో చెప్పలేదు. వాళ్లమ్మకి చెప్పలేదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నా చేతులు ఆపు ప్రభువా. పని చేసి దిగనివ్వు..."

కొక్కెం చప్పుడు నెమ్మదిగా ఆగిపోయింది. అతను చెంప తుడుచుకుని, సంచిలోంచి పానా తీసి, తెగిన ముక్క మార్చాడు. అంత శుభ్రమైన పని నేను మళ్లీ చూడలేదు. దిగాడు. కింద ఇన్‌స్పెక్టర్ గారిని చూశాకే తాను ఏం చేశాడో అతనికి తెలిసింది. అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ గారు వంగి అతని చేతి తొడుగులు ఒక్కొక్కటీ లాగి తీశారు.

"నాకు కొత్తేం కాదు బావా," అన్నారు. "లే. ఎర్త్‌లు తీద్దాం."

సాయంత్రానికి ఆ సంగతి బందరు చేరింది. చనిపోయిన కుర్రవాడి తల్లి పెద్దకొడుకుని ఒకటే అడిగిందట. "తెలిసే వాడితో కలిసి అన్నం తిన్నావా?" అని. ఇన్‌స్పెక్టర్ గారు నెల తిరక్కుండా బదిలీకి అర్జీ పెట్టుకున్నారు. దాని మీద సిఫారసు సంతకం నాదే.

రిలీవైన రోజున నా గదిలోకి వచ్చి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వాడు ప్రార్థన మొదలుపెట్టిన మొదటి నెల్లోనే విన్నాను సార్. చెప్పుకుంటుంటే చెవిన పడింది. రెండు రోజులు వాడి మొహం చూడలేకపోయాను. మూడో రోజు చూస్తే మళ్లీ అదే, అలాగే ఏడుస్తూ. ఇంక నేను కొత్తగా తిట్టేదేముంది? పక్కన నిలబడ్డాను. వాడికి తెలియదు, నాకు తెలుసని. ఎవరూ పైకి అనలేదు కాబట్టి మా ఇద్దరికీ నడిచిపోయింది. ఇప్పుడు పాతిక మంది విన్నారు. ఇంక నేను అమ్మకి ఏం చెప్పను?"

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. నేను లేచి బోర్డు దగ్గరకు వెళ్లి మెమో చింపాను. అప్పుడు చింపితే ఎవరికి ఉపయోగం?

మర్నాడు లైన్‌మన్ ఇంటికి వెళ్లాను. క్షమాపణ చెప్పాలని బయల్దేరి, అతని ఎదురుగా కూర్చున్నాక వేరే ఏదో మాట్లాడాను. భయాన్ని మాటల్లో పెడితే శరీరం ఎలా తేరుకుంటుందో, ఊపిరి నిదానిస్తే చేతి వణుకు ఎలా తగ్గుతుందో వివరించాను. అంటే అతని ప్రార్థనను అతనికే నా భాషలోకి మార్చి చెబుతున్నాను. అతను మర్యాదగా విన్నాడు. భార్య టీ ఇచ్చింది.

"అవునేమోనండి," అన్నాడు చివరికి. "నాకంత తెలియదు. భయం పోయిందని మాత్రం అనుకోకండి. ఇప్పటికీ వస్తుందండి. వచ్చినప్పుడు ఒక్కణ్ణే ఉండను, అంతే. ఆ రోజు పైన కూడా అంతేనండి. చెప్పేశాక లోపల ఎంత నిమ్మళమయిందో చెప్పలేను. దిగి చూస్తే బావ."

"బందరు వెళ్లావా?"

"వెళ్లానండి. అమ్మగారు తలుపు తియ్యలేదు. మళ్లీ వెళ్తాను."

తర్వాత ఆ తలుపు తెరుచుకుందో లేదో నేను అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. ఈ వ్యాసం రాయడానికి ముందు మాత్రం ఇద్దరికీ ఫోన్ చేసి అనుమతి అడిగాను. లైన్‌మన్, "పేర్లు లేకుండా రాయండి సార్, ఎవరికైనా పనికొస్తుంది" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ గారు, "మీ ఇష్టం" అన్నారు.

ఇంకొకటి చెప్పకపోతే ఇదంతా బూటకమవుతుంది. ఆ సంఘటన జరిగిన ఏడాదికి గుడివాడలో మళ్లీ సభ. ముందు వరసలోంచి ఎవరో, "సార్, ఆ ప్రభువు గారి ఎల్.సి. చెప్పండి" అని అడిగారు. చెప్పాను. ఆ స్తంభం కింద నిలబడి, ఆ కొక్కెం చప్పుడు విన్నవాణ్ణి, మళ్లీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే నీచమైనది అది. ఆ రోజు నన్ను ఏ మూఢనమ్మకమూ ప్రేరేపించలేదు. చప్పట్ల మీద ఆశ చాలింది.

మిత్రులారా, వాదించండి. దొంగ బాబాల గుట్టు విప్పండి, రోగానికి మందు మానేసి తాయెత్తు కట్టించుకోమనేవాణ్ణి నిలదీయండి. నేనూ మీతో వస్తాను. కానీ కింద నిలబడి ఉన్నవాడు పైన వణుకుతున్నవాడి చేతిలోంచి ఏదైనా లాక్కునే ముందు, అదెందుకు పట్టుకున్నాడో ఒక్కసారి అడగాలి. నేను అడగలేదు.

ఆ రెండో సభకు చాలా ముందే, ఇన్‌స్పెక్టర్ గారు వెళ్లిపోయిన మూడో వారం, అదే చెరువుల లైను మీద మళ్లీ పని పడింది. ఎల్.సి. తీసుకున్నాం. కుర్రాళ్లు ఎర్త్ రాడ్లు వేశారు. లైన్‌మన్ స్తంభం దగ్గరకు వెళ్లి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఈసారి నా వైపు చూడలేదు. చెయ్యి స్తంభానికి ఆనించాడు. ఎవరో నోరు విప్పబోతుంటే ఆగమన్నట్టు చెయ్యి ఊపి, నేను వెళ్లి అతనికి కాస్త దగ్గరగా నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి కట్టుకుని రోడ్డు వైపు చూశాను. గొణుగుడు వినబడింది. ఏం విన్నానో రాయను.

ఆమెన్ అని కళ్లు తెరిచి, పక్కన ఉన్నది నేనని చూసి, అతను ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత మామూలు గొంతుతో, "సార్, రెండో వైపు ఎర్త్ చూశారాండీ?" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ గారు లేరు. చూడవలసినవాణ్ణి నేనే. చూడలేదు.

"లేదయ్యా. ఉండు, చూసొస్తాను," అన్నాను.

గట్టు దిగి బురదలో అవతలి స్తంభం దాకా నడిచాను. రాడ్డు పట్టుకుని లాగి చూశాను. వైరు చివర నేలలో ఎంత లోతు దిగిందో మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తడిమి చూశాను. తిరిగి వచ్చి, "గట్టిగానే ఉంది," అన్నాను.

అతను నా మోకాళ్లకు అంటిన బురద వైపు ఒకసారి చూసి, హెల్మెట్ పెట్టుకుని, ఎక్కడం మొదలుపెట్టాడు.